ఉప్పు ముట్టించే మనిషి

నర్సప్ప చేరేసరికి హన్మంతును ఇంటి ముందర చాప మీద పండబెట్టి ఉన్నారు. తల దగ్గర దీపం వెలుగుతోంది. పక్కన ఇద్దరు మనుషులు పాడె కోసం వెదుర్లు నరుకుతున్నారు.

మల్దకల్ దాటి లోపలికి పోతే వచ్చే పల్లె అది. ఆదివారం పొద్దున అక్కడ బస్సు దిగేవాళ్లలో సగం మంది కళ్లు పచ్చగా ఉంటాయి. హన్మంతు కామెర్లకు పసరు పోసేవాడు. పసరు తాగడానికి వచ్చినవాళ్లు అరుగుకు ఈ పక్కన, పథ్యం విడవడానికి వచ్చినవాళ్లు ఆ పక్కన కూర్చోవాలని ఆయన పెట్టిన పద్ధతి. ఆ రోజూ అలాగే కూర్చున్నారు. మధ్యలో శవం ఉంది. లేచి పోవాలో ఉండాలో ఎవరికీ తెలియలేదు.

నర్సప్ప పథ్యం విడిచేవాళ్ల పక్కన కూర్చున్నాడు.

హన్మంతు మందుకు ఒక కట్టుబాటు ఉంది. పసరు తాగిన నాటి నుంచి ఉప్పు, పులుపు, నూనె, పప్పు బంద్. చప్పిడి జొన్నరొట్టె, పాలు, గంజి, కడుపు నిండా నీళ్లు, అంతే. కళ్లు తెల్లబడ్డాక మళ్లీ రావాలి. హన్మంతు కంటి కింద చర్మం లాగి చూస్తాడు. తృప్తి కలిగితే ఉప్పుకల్లు ఒకటి తన చేత్తో తీసి రోగి నాలుక మీద పెడతాడు. దాన్ని ఉప్పు ముట్టించడం అనేవాళ్లు. ఆ చేయి ముట్టించకముందు వేరే ఎవరి చేతి ఉప్పు తిన్నా కడుపులోని పసరు విషమవుతుందని ఆయన చెప్పేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని కాదన్నవాడు లేడు.

ముందురోజు సాయంత్రం హన్మంతు బర్రెకు గడ్డి వేస్తూ వేస్తూ పడిపోయాడట. మళ్లీ లేవలేదు.

రోగుల్లో ఒక ముసలాయన ఉండబట్టలేక హన్మంతు భార్యను అడిగాడు.

"మరి మా సంగతేందమ్మా?"

ఆమె ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది. "ఆయన చేతి గుణం ఆయనతోనే పాయె. నాకేం తెల్వదు. మీరు పోండ్రి."

ఎవరూ కదల్లేదు. కొంతసేపటికి వెనకనుంచి ఒకడు, చేయి ఇంకా ఉంది కదా, దాంతోనే ముట్టించుకుంటే అయిపోతుంది కదా అని మెల్లగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు ఆ మాటను నిజంగానే ఆలోచించారు. నర్సప్ప కూడా ఆలోచించాడు. ఆలోచించినందుకు తన మీద తనకే కోపం వచ్చి లేచి నడిచాడు.

తిరుగు బస్సు కోసం మల్దకల్‌లో ఆగినప్పుడు, పథ్యం విడవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే హోటల్లోకి పోయి మిరపకాయ బజ్జీలు తిన్నారు. అయ్యేదేదో అవుతుందిలే అనుకున్నారు. నర్సప్ప బయట రాయి మీద కూర్చుని నీళ్లు తాగాడు. వాళ్లు తినడం చూస్తూ, వీళ్లు కూడా పోతారు అనుకున్నాడు. అలా అనుకోవడం ఆయనకు కొంత హాయిగానే ఉంది.

ఆయన అలా అనుకోవడానికి కారణం భార్య జోగులమ్మ.

నర్సప్పది గద్వాల. కోట వెనక సందులో మగ్గం ఉన్న ఇల్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు పెనవేసి కుట్టు వేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ రెండో మనిషి జోగులమ్మే. పని దగ్గర తప్ప వాళ్లిద్దరూ ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. పని దగ్గర మాటలు అవసరం లేదు.

పోయిన ఎండాకాలం జోగులమ్మకు కామెర్లు వచ్చాయి. హన్మంతు పసరు పోశాడు. నర్సప్ప పథ్యం చేయించాడు. ఉప్పు డబ్బాను ఆమె చేతికందకుండా అటక మీద పెట్టాడు. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే గడప దగ్గరే వెనక్కి పంపాడు. నెల గడిచినా కళ్లు తెల్లబడలేదు. కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది. ఆమె అన్నం వద్దనేది, మాట వద్దనేది, గోడ వైపు తిరిగి పండుకునేది. అప్పుడు కూతురు రోహిణి వనపర్తి నుంచి చూడటానికి వచ్చింది. నర్సప్ప నూలు కోసం బజారుకు పోయి తిరిగి వచ్చేసరికి ఇల్లంతా చేపల పులుసు వాసన. జోగులమ్మ లేచి కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

ఆ వారంలోనే ఆమె పోయింది.

హన్మంతు దగ్గరికి పోయి చెబితే, పథ్యం తప్పాక తానేం చేస్తానన్నాడు. నర్సప్పకు ఆ మాట చాలింది. అందరినీ ఏడవనిచ్చి, దినాల నాడు చుట్టాలంతా కూర్చున్న చోట కూతురిని పిలిచి, "మీ అమ్మకు పులుసు పోసి సంపితివి. ఈ గడప తొక్కకు" అన్నాడు. రోహిణి ఏడవలేదు. చెప్పులు తొడుక్కుని మొగుడిని వెంటబెట్టుకుని పోయింది. అప్పటి నుంచి ఆమె మంచిచెడ్డలు నర్సప్ప అక్క శాంతమ్మకే తెలుసు. మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడి దగ్గరే ఉంటున్న మనిషి ఆమె. ఎప్పుడైనా ఎస్టీడీ బూత్‌కు పోయి మేనకోడలితో మాట్లాడి వచ్చి, ఏమీ తెలియనట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చునేది.

భార్య పోయాక నర్సప్ప కూడా గోడ వైపు తిరిగి పండుకున్నాడు. మగ్గం మీద ఆ పక్కకు కూలికి మనిషిని పెట్టాడు గాని రెండు రోజులకే పంపేశాడు. స్నానం చేయమంటే చేసేవాడు, లేకపోతే లేదు. వానలు పడ్డాక ఆయన కళ్లూ పచ్చబడ్డాయి. శాంతమ్మ నెత్తి బాదుకుంది. నర్సప్పకు మాత్రం ఒక రకంగా సంతోషమే అనిపించింది. పథ్యం ఎలా చేయాలో ఇప్పుడు చేసి చూపిస్తాననుకున్నాడు. ఎవరికి చూపిస్తాడో ఆలోచించలేదు.

నిజానికి ఆ పథ్యమే ఆయనను మంచం మీది నుంచి లేపింది. తెల్లవారగానే లేచి ఉప్పు తగలని గిన్నె తానే తోముకునేవాడు. రొట్టె పిండి తానే కలుపుకునేవాడు. అక్క చేతికి ఉప్పు అంటుకుని ఉందేమోనని ఆమెను కలపనిచ్చేవాడు కాదు. పూట పూటకూ చేయాల్సిన పని ఒకటి ఉంది, తప్పించుకోవాల్సినది ఒకటి ఉంది. మనిషికి అంతకన్నా ఎక్కువేం కావాలి? వీధిలో వాళ్లు నర్సప్పకు ఎంత పట్టుదల అనేవారు. ఆ మాట ఆయనకు తీయగా ఉండేది. ఇంకేదీ తీయగా లేదు. కళ్లు తెల్లబడ్డాయి. ఉప్పు ముట్టించుకోవడానికి పోయిన రోజునే హన్మంతు చచ్చి కూర్చున్నాడు.

అక్కడి నుంచి మొదలైంది గందరగోళం.

శాంతమ్మ తమ్ముడిని వెంటబెట్టుకుని అయిజ వైపు ఇంకో పసరు మనిషి దగ్గరికి పోయింది. అతను అంతా విని, ఒకరు కట్టిన పథ్యం ఇంకొకరు విప్పకూడదన్నాడు. మంగళవారం జమ్ములమ్మ గుడికి పోతే, అమ్మ ప్రసాదానికి ఏ కట్టుబాటూ అడ్డం రాదు, నమ్మి తినమన్నాడు పూజారి. పులిహోర అది. నర్సప్ప కళ్లకద్దుకుని అక్క చేతిలో పెట్టాడు. హన్మంతు సంవత్సరీకం నాడు ఆయన ఇంట్లో తింటే పథ్యం దానంతటదే విడిపోతుందని ఒకరన్నారు. మనిషే లేనప్పుడు మాటెక్కడిది అని ఇంకొకరన్నారు. మల్దకల్‌లో బజ్జీలు తిన్నవాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారని మరొకరు కబురు తెచ్చారు. అందులో ఒకడు పోయాడని వేరొకరు చెప్పారు. ఎవరి మాట వింటే అదే నిజమనిపించేది. ఇంటికి వచ్చాక ఏదీ నిజమనిపించేది కాదు. ఏమీ తేలనప్పుడు ఉన్నదాన్ని పట్టుకుని ఉండడమే మంచిదని నర్సప్ప చప్పిడి రొట్టె తింటూ పోయాడు.

ఒకసారి శాంతమ్మ ఆయనకు తెలియకుండా పిండిలో చిటికెడు ఉప్పు వేసింది. మొదటి ముక్కకే ఆయన ఊసేసి, నోరు పుక్కిలించి, ఆ పెనాన్ని తీసుకుపోయి మోరీ కాల్వలో పారేశాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ పని చేయలేదు.

పండుగలు ఉప్పు లేకుండా పోయాయి. ఉప్పుతో పాటు ఇంకేవో కూడా పోతున్నాయి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ముందు ఏ కాలు తొక్కాలో గుర్తొచ్చేది కాదు. తల ఎప్పుడూ తడిబట్ట చుట్టినట్టుండేది. పసరు కొట్టుకుపోవాలని చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు. నడిస్తే తూలేవాడు. ఒకనాడు బజారుకు పోయి తన సందు మరచి, ఎవరిదో ఇంట్లోకి పోయి చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఆ ఇంటివాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి చేయి పట్టుకుని తెచ్చి దింపారు. ఇంకోనాడు మధ్యాహ్నం రొట్టె ముందు పెట్టుకుని, జోగులమ్మ ఇంకా రాలేదేందని అక్కను అడిగాడు. శాంతమ్మ చేతిలో చెంబు అక్కడే పెట్టి, ఆటో పిలుచుకు రావడానికి పరిగెత్తింది.

సర్కారు దవాఖాన డాక్టరు పడుచువాడు. కళ్లు చూశాడు, పొట్ట నొక్కాడు, రక్తం తీయించాడు. కామెర్లు ఎప్పుడో పోయాయని, ఈ మనిషి ఒంట్లో ఉప్పు అడుగంటిందని, ఇంకా ఇలాగే ఉంటే మూర్ఛలు వచ్చి ప్రాణం పోతుందని శాంతమ్మతో చెప్పాడు. మనసు కూడా బాగా లేదు, దానికి వేరే గోళీలు రాస్తానన్నాడు. ఉప్పు తినొద్దని ఎవరు చెప్పారని అడిగితే, చెప్పినవాడు చచ్చిపోయాడని శాంతమ్మ అంది. డాక్టరుకు అర్థం కాలేదు. చేతికి సూది గుచ్చి సీసా తగిలించి పక్క మంచం దగ్గరికి పోయాడు.

సీసా సగం ఎక్కేసరికి నర్సప్ప తలలో తడిబట్ట కొంచెం వదులైంది. చుట్టూ చూశాడు. మంచాలు కనబడ్డాయి, మంచాల మీద మనుషులు కనబడ్డారు. సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. నర్సు అటు పోతుంటే అందులో ఏముందని అడిగాడు.

"ఉప్పునీళ్లు పెద్దాయనా. గ్లూకోస్ అందరికీ ఎక్కిస్తరు, నీకు ఉప్పునీళ్లే ఎక్కియ్యమన్నడు సారు" అంది ఆమె, మంచి కబురు చెప్పినట్టుగా.

నర్సప్ప సూది పీకేశాడు. చేతి మీద నెత్తురు కారుతుండగా పంచె సర్దుకుని నడిచి బయటికి వచ్చాడు. శాంతమ్మ వెనకాల పరిగెత్తింది.

ఇంటికొచ్చి చావడానికి పండుకున్నాడు. చావు రాలేదు. పైగా తల తేలికైంది, సందులో పిల్లల అరుపులు వేరు వేరుగా వినబడుతున్నాయి. ఇదేమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఉప్పు ఒంట్లోకి పోయింది, కాని నాలుకకు తగలలేదు. నోటిగుండా పోని ఉప్పు ఉప్పేనా? పథ్యం తప్పినట్టా, తప్పనట్టా? హన్మంతు ఉంటే అడిగేవాడు. హన్మంతు ఉంటే ఇదంతా లేదు. అలా తిప్పి తిప్పి ఆలోచించి, తప్పలేదనే లెక్క వేసుకుని, మర్నాడు మళ్లీ చప్పిడి రొట్టెకే కూర్చున్నాడు. శాంతమ్మ అది చూసి బూత్‌కు పోయింది.

రోహిణి మరుసటి రోజు వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయట సంచి పట్టుకుని నిలబడింది.

"తొక్కాల్నా వద్దా చెప్పు. వద్దంటే గీడికెల్లే పోత" అంది.

 శాంతమ్మ వచ్చి మేనకోడలి చేయి పట్టి లోపలికి లాగింది. రోహిణి సంచి మూలకు పెట్టి తండ్రి ముందు కూర్చుంది. మనిషి ఎంత తగ్గిపోయాడో చూసి ఆమె ముఖం ఒక్కసారి మారింది. అంతలోనే మళ్లీ మామూలైంది. పట్టుదలలో ఆమె తండ్రి కూతురే.

"సూది గుంజేసుకున్నవంట."

"ఉప్పునీళ్లు ఎక్కిచ్చిండ్రు."

"ఎక్కినంక సచ్చినవా మరి?"

"నోట్లె పడలే."

రోహిణి శాంతమ్మ వైపు చూసింది. శాంతమ్మ తల దించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది.

"నాయినా, నువ్వు ఉప్పు తినకుంటే సస్తవని డాక్టరు చెప్పిండు. తింటే సస్తవని సచ్చినోడు చెప్పిండు. ఇద్దర్ల ఎవరి మాట ఇంటవ్?"

"మీ అమ్మ తిన్నది. పోయింది. నేను కండ్లార జూసిన."

"గదే చూసినవ్. పొట్ట కుండ లెక్క ఉబ్బింది చూడలే? కాళ్లు చూడలే? దవాఖానకు తోల్కపోదం నాయినా అని నీ కాళ్లు మొక్కిన. సూది పడితే పసరు ఇరుగుతదంటివి. యాదికుందా?"

"యాది లేదు" అన్నాడు నర్సప్ప.

అది నిజమో అబద్ధమో ఆయనకే తెలియలేదు. ఈ మధ్య చాలా సంగతులు అలాగే అయ్యాయి. ఎవరో కాళ్ల దగ్గర వంగి ఉన్నట్టు, తాను కాలు వెనక్కి తీసుకున్నట్టు ఒక బొమ్మ కదిలింది. అది రోహిణేనా, వేరే ఎప్పటిదో వేరే ఎవరో, చెప్పలేకపోయాడు.

"చేపలు నేనే వండిన. అమ్మ అడిగింది, వండిన. మల్ల అడిగినా వండుత. నీ ముంగట ఒకటి, నీ ఎనకాల ఒకటి చెప్ప" అంది రోహిణి.

 నర్సప్ప తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు ఉన్నట్టుండి ఒక దారి తోచింది. దారి అనడానికి లేదు, కసి అనాలి. హన్మంతు చేయి లేదు. కట్టు విప్పే చేయి ఎక్కడా లేదు. కట్టు తెంపే చేయి మాత్రం ఒకటి ఉంది, అది ఎదురుగానే ఉంది. ఈ చేత్తోనే తింటే తేలిపోతుంది.

"నువ్వే పెట్టు" అన్నాడు. "నీ చేతితోనే పెట్టు. నేను సస్తే మీ అమ్మను సంపింది నువ్వే. నలుగుర్ల చెప్పు. బతికితే..."

బతికితే ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు. అక్కడి నుంచి ముందుకు ఆయన ఎన్నడూ ఆలోచించి ఉండలేదు. 

"బతికితే?" అంది రోహిణి.

"పెట్టు" అన్నాడు.

ఆమె లేచి పొయ్యి వెలిగించింది. పుల్లటి పుంటికూర తెప్పించి, ఎల్లిగడ్డ వేసి, ఉప్పు తన చేత్తోనే చూసి వండింది. రొట్టెలు చేసింది. శాంతమ్మ సాయానికి పోతే వద్దంది. కంచం తెచ్చి తండ్రి ముందు కూర్చుని, రొట్టె తుంచి కూర అద్ది నోటి దగ్గర పెట్టింది.

"సస్తవని పెడ్తలేను. బతుకుతవని పెడుతున్న. గిది యాదికుంచుకో" అంది.

నర్సప్ప నోరు తెరిచాడు.

ఉప్పు నాలుకను కోసినట్టయింది. ఇన్నాళ్లూ ఉప్పంటే ఒక రుచి అనుకున్నాడు. అది నొప్పిలా తగిలింది. దవడల కింద నీళ్లు ఊరి నోరంతా నిండిపోయింది. కళ్లలోంచి కూడా కారాయి. నమలడం మరిచిపోయి అలాగే పెట్టుకుని కూర్చుంటే, "మింగు" అంది రోహిణి. మింగాడు. రెండో ముక్క పెట్టింది. కంచం అయిపోయేదాకా ఆమె ఆపలేదు, ఆయన వద్దనలేదు.

తర్వాత తలుపు తెరిచే ఉంచమని చెప్పి పండుకున్నాడు. ప్రాణం పోయేటప్పుడు తలుపు మూసి ఉంటే మంచిది కాదు. సందులో ఒక సైకిలు పోయింది. ఎదురింట్లో ఎవరో ఆసు మీద నూలు పోస్తున్న చప్పుడు. కడుపులో ఏదో కదిలింది, ఇదే కాబోలు అనుకున్నాడు. అనుకుంటూనే నిద్రపోయాడు. లేచేసరికి ఎండ వాలింది. ఒళ్లు పరీక్షగా చూసుకున్నాడు. ఎక్కడా ఏమీ లేదు. ఆకలి వేస్తోంది.

ఆ ఆకలి ఆయనకు అవమానంగా తోచింది.

రోహిణి ఉండిపోయింది. దవాఖానకు తానే పోయి డాక్టరును అడిగి, ఏ పూట ఏం పెట్టాలో తెలుసుకుని వచ్చింది. పొద్దున ఉడికిన గుడ్డు, పగలు పప్పు, ఆకుకూర, సాయంత్రం మజ్జిగలో ఉప్పు, పండుకునే ముందు మనసు గోళీ. నీళ్లు మాత్రం కొలిచి ఇచ్చేది. ఎక్కువ అడిగితే చెంబు దాచేది. నర్సప్ప భార్యను ఎలా కట్టడి చేశాడో ఆమె తండ్రిని అలాగే కట్టడి చేసింది. శాంతమ్మ అది చూసి ఒకనాడు, ఇది కూడా పథ్యమే కదా అంది. 

నర్సప్ప ఎదురు చెప్పలేదు. పెట్టింది తిన్నాడు, ఇచ్చింది మింగాడు. పూటకు ఇది తినాలి అని ఎవరో చెప్పడం ఆయనకు పనికొచ్చింది. దాని వెంట లేచాడు, దాని వెంట కూర్చున్నాడు. సందు చివరిదాకా నడిచి తన ఇంటికి తానే తిరిగి వచ్చాడు. మగ్గం మీద దుమ్ము దులిపాడు. ఏ కాలు ముందు తొక్కాలో కాళ్లకు మళ్లీ తెలిసింది.

కాని లోపల మాత్రం అంతా తలకిందులైంది. తిన్న ప్రతి ముద్దా ఆయనను చంపకుండా వదిలేస్తోంది. కొంచెం జ్వరమైనా వస్తే బాగుండుననుకున్నాడు. ఒకసారి వాంతి అయినా చాలు. కూతురి చేతి కూడు పడలేదని చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ రాలేదు. బుగ్గలు నిండుతున్నాయి. వీధిలో వాళ్లు, కూతురు వచ్చాక మనిషివైనావ్ నర్సప్పా అంటున్నారు. ఆ మాట వింటే ఆయనకు కొట్టాలనిపించేది. కొట్టాల్సింది ఎవరినో తెలిసేది కాదు. ఇన్నాళ్లూ కోపానికి ఒక ఇల్లు ఉంది, ఇప్పుడది ఊరి మీద పడి తిరుగుతోంది.

మళ్లీ రక్తం చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరును సూటిగా అడిగాడు.

"నా భార్య కామెర్లల్ల ఉప్పు, పులుపు తిన్నది. చేపలు తిన్నది. గందుకే పోయిందా సారు?"

కాగితాలేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగాడు. లేవు. ఏ దవాఖానకూ ఆమె పోలేదు. పొట్ట ఉబ్బిందా, కాళ్లు వాచాయా అని అడిగాడు. రోహిణి అవునంది. నర్సప్ప గోడ మీది బొమ్మలు చూస్తున్నాడు.

"చూడని మనిషి సంగతి నేను ఎట్లా చెప్పాలి? కాలేయం బాగా చెడిపోయి ఉండొచ్చు. ఆ పసరులో ఏమున్నదో, అది ఏం చేసిందో కూడా తెలియదు. వాపు ఉన్నప్పుడు ఉప్పు తగ్గించమని మేమూ చెప్తాం" అన్నాడు డాక్టరు. నర్సప్ప తల ఎత్తాడు. డాక్టరు ఒక్క క్షణం ఆగి, "కాని ఒక్క పూట చేపల కూరకు మనిషి పోడు. ముందే తీసుకురావాల్సింది" అన్నాడు.

తగ్గించమని చెబుతాం అన్నాడు. పోడు అన్నాడు. ముందే తీసుకురావాల్సింది అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నర్సప్ప ఆ మూడు మాటలనూ మార్చి మార్చి పేర్చుకున్నాడు. ఎలా పేర్చినా చివరికి మూడోదే మిగిలింది. దారిలో రోహిణి ఒక్క మాట అనలేదు. నేను చెప్పలేదా అని అంటే బాగుండేది. తిరిగి కసరడానికి వీలుండేది.

శివరాత్రి ముందర రోహిణి మొగుడి నుంచి కబురు వచ్చింది. ఆమె సంచి సర్దుకుంది. గోళీలు ఎప్పుడు వేయాలో, గుడ్డు ఎంతసేపు ఉడకాలో మేనత్తకు మళ్లీ మళ్లీ చెప్పింది. నర్సప్ప కండువా వేసుకుని, బస్టాండు దాకా వస్తానన్నాడు. ఇద్దరూ నడిచారు. ఆయన రెండడుగులు ముందు, ఆమె వెనక.

వనపర్తి బస్సు నిలబడి ఉంది. డ్రైవరు ఇంకా రాలేదు. రోహిణి కిటికీ పక్కన కూర్చుంది. నర్సప్ప కింద నిలబడ్డాడు. ఇంట్లోనే అనుకుని వచ్చిన మాట ఒకటుంది.  దాని బదులు వేరే మాట వచ్చింది.

"ఆ దినం ఎంత తిన్నది?"

"ఎవరు?"

"మీ అమ్మ."

 రోహిణి కిటికీ కమ్మీ పట్టుకుని అటు కోట వైపు చూసింది.

"ఒక్క ముక్క. జరంత పులుసు. కంచం నాకింది. ఇంకింత పెట్టు బిడ్డా అన్నది." ఆమె కమ్మీ వదిలి తండ్రి వైపు తిరిగింది. "గిన్నెల ఉండె నాయినా. నువ్వొచ్చే యాళ్లయిందని భయమై పెట్టలే."

డ్రైవరు ఎక్కాడు. ఇంజను మోత మొదలైంది. నర్సప్ప పెదవులు కదిపాడు. ఆయన ఏమన్నాడో ఆ మోతలో ఆమెకు వినబడలేదు. ఏందని తల బయటికి పెట్టి అడిగింది.

"తల లోపలికి పెట్టు" అన్నాడు.

బస్సు పోయింది. దుమ్ము పోయింది. నర్సప్ప అక్కడే ఉన్నాడు. ఆయనకు గిన్నె ఒక్కటే కనబడుతోంది. ఆ రోజు ఇంటికి రాగానే తాను చేసిన మొదటి పని గుర్తొచ్చింది. ఇది మాత్రం స్పష్టంగా గుర్తొచ్చింది. జోగులమ్మ చూస్తుండగానే ఆ గిన్నెను తీసుకుపోయి వాకిట్లో బోర్లించాడు. ఆమె ఏమీ అనలేదు. పులుసు మట్టిలో ఇంకేదాకా అటే చూసింది.

రాయచూరు బస్సు వచ్చి ఆగింది. జనం ఆయనను తోసుకుంటూ ఎక్కారు. కండక్టరు దిగి, ఎక్కుతావా లేదా, ఎక్కడికి పోవాలి అని అడిగాడు. నర్సప్ప అతని ముఖం చూశాడు. తన సందు ఎటుందో తెలుసు, ఇల్లు ఎటుందో తెలుసు. అయినా కాళ్లు ఎటు తిరగాలో తేల్చుకోలేక, ఎక్కేవాళ్లు జరుగు జరుగు అంటుంటే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గోడకు ఆనుకున్నాడు.